వెనక బ్రేకుకి బరువు సంగతి ఎవరు చెబుతారు?

పాత పికప్‌కి వెనక బ్రేకు సరిగా పడటం లేదంటే మన దగ్గర జరిగేది దాదాపు ఒకటే. జాకీ పెట్టి, చక్రం ఊడదీసి, డ్రమ్ము విప్పుతారు. లైనర్లు అరిగితే షూలు మారుస్తారు, వీల్ సిలిండర్ కారుతుంటే దానిలోని రబ్బరు బకెట్లు మారుస్తారు, ఎయిర్ తీసి బండిని పంపించేస్తారు. కొన్ని బండ్లు దాంతో బాగుపడతాయి. కొన్ని మాత్రం కొత్త షూలు వేసిన కొద్ది రోజులకే మళ్ళీ షెడ్డుకి వస్తాయి. ఖాళీగా ఉంటే బాగానే ఉంది, లోడు ఎక్కితే బండి నిలబడటం లేదు అంటాడు డ్రైవరు. ఈ రెండో రకం బండ్లలో డ్రమ్ముని ఎన్నిసార్లు విప్పినా లాభం లేదు. తప్పు సాధారణంగా డ్రమ్ముకీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య, ఛాసిస్ కింద మట్టి కొట్టుకుని ఉండే ఒక చిన్న వాల్వు దగ్గర ఉంటుంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ వాల్వుకి బరువు గురించి తప్పుడు సమాచారం ఇస్తున్న కమాన్ పట్టీల్లో ఉంటుంది. కాబట్టి లోడుతో బ్రేకు పడని పాత పికప్‌లో మొదట చూడాల్సింది షూలని కాదు, బండి తన బరువుని తెలుసుకుంటోందా లేదా అన్నదాన్ని.

ఈ సంగతి అనంతగిరి లాంటి చోట ఎందుకు ముఖ్యమో ముందు చూద్దాం. ఇది వికారాబాద్ కొండల అనంతగిరి కాదు. కోదాడ పక్కనే ఉన్న అనంతగిరి, 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైన ఊరు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. నీళ్ళున్న ఏడాది వానాకాలం, యాసంగి రెండు పంటల వడ్లూ మిల్లులకు కదులుతాయి, మిర్యాలగూడ పేరే బియ్యం మిల్లుల మీద నిలబడింది. కోదాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఈ చుట్టుపక్కల పికప్ చేసే పని స్వభావం ఏమిటంటే, పోయేటప్పుడు నిండుగా పోతుంది, వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుంది. వడ్ల బస్తాలైనా, ఎరువులైనా, సిమెంటైనా అంతే. ఒక చిన్న కారులో ఐదుగురు ఎక్కి కూర్చుంటే దాని బరువు మహా అయితే మూడో వంతు పెరుగుతుంది. పికప్ బరువు లోడుతో దాదాపు రెట్టింపు అవుతుంది, పెరిగిన బరువులో అత్యధిక భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. పొద్దున ఒక బండికి, మధ్యాహ్నం ఇంకో బండికి బ్రేకు వేస్తున్నట్టే లెక్క.

ఆ తేడా ఎంతో అంకెల్లో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లెక్క కోసం ఒక పికప్ తీసుకుందాం. ఖాళీ బరువు 1,700 కిలోలు, అందులో ముందు ఇరుసు మీద 1,000, వెనక 700. రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, బండి గరిమనాభి నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. పొడి తారు రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే బండి గురుత్వ త్వరణంలో 0.7 వంతు చొప్పున మందగిస్తుంది. అప్పుడు బరువు ముందుకి వాలుతుంది, ముక్కు కిందికి దిగుతుంది, తోక లేస్తుంది. ఈ బండిలో అలా ముందుకి మారే బరువు సుమారు 278 కిలోలు. అంటే బ్రేకు పడిన ఆ క్షణాన వెనక టైర్ల మీద మిగిలేది 422 కిలోలే. ఇప్పుడు అదే బండిలో 1,500 కిలోల లోడు వేద్దాం, 200 ముందుకి, 1,300 వెనక్కి. మొత్తం 3,200 కిలోలు, బస్తాల ఎత్తు వల్ల గరిమనాభి 90 సెంటీమీటర్లకు పెరిగింది. అదే గట్టి బ్రేకుకి ఈసారి 672 కిలోలు ముందుకి వాలినా, వెనక టైర్ల మీద ఇంకా 1,328 కిలోలు ఉంటాయి. టైరు రోడ్డుని ఎంత పట్టుకోగలదన్నది దాని మీదున్న బరువుని బట్టి ఉంటుంది కాబట్టి, లోడు బండి వెనక బ్రేకు చేయగలిగిన పని, చేయాల్సిన పని, ఖాళీ బండికంటే మూడింతల పైనే.

అలాంటప్పుడు ఎప్పుడూ లోడుకి సరిపడేంత గట్టిగా వెనక బ్రేకు పెట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు, ప్రాణం మీదికొస్తుంది. ఖాళీ బండిలో ఆ బలమంతా 422 కిలోలు మాత్రమే మోస్తున్న టైర్ల మీద పడితే అవి వెంటనే తిరగడం మానేసి జారతాయి. జారే టైరుకి పక్కవాటు పట్టు దాదాపు ఉండదు. ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగ్ మాట వినదు, బండి దాదాపు తిన్నగానే పోతుంది. వెనక చక్రాలు బిగుసుకుంటే తోక ముందుకి రావాలని చూస్తుంది, బండి అడ్డంగా తిరుగుతుంది. తడి రోడ్డు మీద, మట్టి పేరుకున్న కాలువ కట్ట మీద ఇది చాలా తక్కువ వేగంలోనే జరగొచ్చు. అందుకే ఏబీఎస్ లేని పాత బండ్ల రూపకర్తలు వెనక్కి వెళ్ళే ఒత్తిడిని బరువుని బట్టి పెంచే, తగ్గించే ఏర్పాటు చేశారు. దాన్ని షెడ్డుల్లో లోడ్ వాల్వు అనీ ఎల్‌ఎస్‌పీవీ అనీ అంటారు.

అది పనిచేసే తీరు చాలా సరళం. వాల్వు ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. దాని నుంచి ఒక కడ్డీ గానీ స్ప్రింగు గానీ కిందనున్న వెనక ఇరుసు హౌసింగ్‌కి కలిపి ఉంటుంది. లోడు పడితే కమాన్ పట్టీలు వంగుతాయి, ఛాసిస్ హౌసింగ్‌కి దగ్గరవుతుంది, ఆ కడ్డీ వాల్వులోని పిస్టన్‌ని నెడుతుంది. బండి ఖాళీగా ఉంటే పెడల్ కాస్త గట్టిగా తొక్కగానే వాల్వు వెనక ఒత్తిడి పెరుగుదలకి కళ్ళెం వేస్తుంది, లోడు ఉంటే ఆ కళ్ళెం చాలా ఆలస్యంగా పడుతుంది. వాల్వుకి తూకం తెలియదు. దానికి తెలిసిందల్లా ఛాసిస్‌కీ హౌసింగ్‌కీ మధ్య దూరం. ఆ దూరం తగ్గితే బరువుందని నమ్ముతుంది, తగ్గకపోతే లేదని నమ్ముతుంది.

ఇప్పుడు మన బండ్లకి జరిగేది గుర్తు చేసుకుంటే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. లోడు ఎక్కువేసినప్పుడు వెనక కూలబడకుండా ఉండటానికి కమాన్‌లో ఒకటో రెండో పట్టీలు అదనంగా వేయిస్తారు. ఆ పని బాగా జరిగిందనడానికి గుర్తు కూడా అదే, టన్నున్నర వేసినా వెనక వంగలేదని. కానీ వంగలేదంటే దూరం తగ్గలేదు. దూరం తగ్గలేదంటే వాల్వు దృష్టిలో బండి ఖాళీగా ఉంది. నిండు లోడు బండిలో వెనక బ్రేకుకి ఖాళీ బండికిచ్చే ఒత్తిడి దగ్గరే కళ్ళెం పడుతోంది. పై లెక్కనే కొనసాగిస్తే, వెనక బ్రేకు ఖాళీ స్థాయిలోనే ఆగిపోయిన ఆ 3,200 కిలోల బండి 0.7కి బదులు 0.45 దగ్గరే మందగించగలదు, అది కూడా ముందు చక్రాలు జారే అంచుదాకా తొక్కితే. గంటకి 60 కి.మీ. వేగం నుంచి నిలబడటానికి బ్రేకు పడ్డాక 20 మీటర్లు సరిపోవాల్సిన చోట 31 మీటర్లు కావాలి. ఊరి మధ్య నుంచి పోయే రోడ్డు మీద ఆ 11 మీటర్లలో ఎవరైనా ఉండొచ్చు. పైగా వెనక చేయని పనంతా ముందు డిస్కుల మీద పడుతుంది కాబట్టి ముందు ప్యాడ్లు అరిగే వేగం పెరుగుతుంది. ముందు ప్యాడ్లు అస్తమానం మార్చాల్సి వస్తూ, వెనక షూలు మాత్రం ఏళ్ళ తరబడి కొత్తగా ఉంటున్న పికప్ కనిపిస్తే, వెనక షూలు మంచి కంపెనీవని సంతోషించకూడదు. అవి పని చేయడం లేదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మిల్లు దగ్గర వేబ్రిడ్జి ఎలాగూ ఉంటుంది. ఖాళీ తూకం అప్పుడు బండి పక్కన వంగి, ఛాసిస్ అడుగు నుంచి హౌసింగ్ పైదాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. లోడు తూకం అప్పుడు అదే చోట మళ్ళీ కొలవాలి. టన్నుకి పైగా బరువు పెరిగినా ఆ కొలతలో చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే వాల్వుకి కబురు అందనట్టే. ఆ వంగిన చూపులోనే కడ్డీ కూడా కనపడుతుంది. చాలా పాత బండ్లలో దాని కీళ్ళు తుప్పు పట్టి, పొలాల బురద ఎండి గట్టిపడి, అసలు కదలకుండా ఉంటాయి. కొన్నింట్లో కడ్డీ విరిగి ఉంటుంది, విరిగిన చోట తీగ చుట్టి ఉంటుంది. అలా కడ్డీ ఎక్కడ ఆగిపోతే బండి బరువు అక్కడే ఆగిపోయినట్టు వాల్వు నడుచుకుంటుంది.

రెండో పరీక్ష ఇంకా సులువు. చాలా పికప్‌లలో చేతి బ్రేకు పనిచేసేది కూడా వెనక షూల మీదే. తేడా ఏమిటంటే పెడల్ ఆయిల్ ద్వారా షూలని తెరుస్తుంది, చేతి బ్రేకు తీగతో లాగి తెరుస్తుంది. ఒకే షూలు, ఒకే డ్రమ్ము, దారులు వేరు. ఎవరూ లేని ఖాళీ స్థలంలో నడక వేగంతో పోతూ చేతి బ్రేకు మెల్లగా లాగితే వెనక చక్రాలు గట్టిగా పట్టుకున్నాయంటే షూలూ డ్రమ్మూ చాలావరకు బాగున్నట్టే, పెడల్‌కి వెనక బలం లేకపోవడానికి కారణం ఆయిల్ దారిలో వెతకాలి. చేతి బ్రేకూ పట్టకపోతే, తీగ సాగిపోలేదని చూసుకున్నాక డ్రమ్ము విప్పడం న్యాయం. పది నిమిషాల ఈ పరీక్ష చేయకుండా చక్రం ఊడదీయడం మెకానిక్ సమయానికీ ఓనరు డబ్బుకీ నష్టమే.

షూలు మారిస్తే నిజంగానే బాగైన బండ్లు ఎన్నో ఉన్నాయి కదా అని షెడ్డులో పనిచేసేవాళ్ళు అడగొచ్చు. అడగాల్సిన మాటే. డ్రమ్ము బ్రేకుకి సొంత జబ్బులు చాలా ఉన్నాయి, వాటిని కాదనడం లేదు. అయితే అవి లోడుతో నిమిత్తం లేకుండా ఖాళీ బండిలో కూడా బయటపడతాయి, వాటి గుర్తులు వేరు. పెడల్ మొదటిసారి కిందిదాకా పోయి, రెండు మూడుసార్లు కొడితే పైకొచ్చి గట్టిపడితే, ఎక్కువగా షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిందని అర్థం. అరుగుదలని తనంతట తాను సరిచేసుకోవాల్సిన అడ్జస్టరు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో ఎయిర్ ఉంది. గట్టిగా తొక్కిపట్టి ఉంచితే మెల్లగా కిందికి జారిపోతుంటే, బయట ఎక్కడా కారకపోయినా మాస్టర్ సిలిండర్ లోపలి బకెట్లు లీకవుతున్నట్టు. బ్రేకు వదిలాక కూడా చక్రం పట్టేసి ఉంటే కొంతదూరం నడిపి డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి, తాకకుండా వేడి చూడాలి. ఒక్కటే కాలుతుంటే కారణం ఆ డ్రమ్ములోనే ఉంటుంది, రిటర్న్ స్ప్రింగో, బిగుసుకున్న సిలిండరో, ఆ వైపు చేతి బ్రేకు తీగో. రెండూ సమానంగా కాలుతుంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. ఛాసిస్ నుంచి హౌసింగ్‌కి దిగే రబ్బరు పైపు వాటిలో ఒకటి. వయసు మీదపడిన ఆ పైపు లోపల ఉబ్బి, తొక్కినప్పుడు ఆయిల్‌ని పోనిచ్చి వదిలినప్పుడు వెనక్కి రానివ్వదు. బయటికి అది కొత్తదానిలాగే కనిపిస్తుంది.

డ్రమ్ము విప్పాక లైనర్లు తడిగా కనపడితే ఆ తడి దేనిదో తెలుసుకోకుండా తుడిచేయకూడదు. పల్చగా ఉండి, నీళ్ళలో కలిసిపోయి, పెయింటుని కూడా లేపేస్తుంటే అది బ్రేక్ ఆయిల్, వీల్ సిలిండర్ నుంచి వచ్చింది. చిక్కగా, జిడ్డుగా, గంధకం ఘాటుతో ఉంటే అది హౌసింగ్‌లోని క్రౌన్ ఆయిల్, ఇరుసు సీలు దాటి వచ్చింది. కొత్త సీలు వేసినా కొన్నాళ్ళకే మళ్ళీ కారిందంటే హౌసింగ్ పైనుండే చిన్న బ్రీదర్‌ని చూడాలి. పరుగులో హౌసింగ్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ గాలికి బయటపడే దారి సీలే. రూపాయి ఖర్చు లేకుండా శుభ్రం చేయగల ఆ మూత కోసం సీళ్ళు, షూలు పదేపదే మార్చడం చాలా బాధాకరమైన సంగతి. ఆయిల్ పట్టిన లైనర్ ఎప్పుడూ జారుతుందని కూడా అనుకోవద్దు. డ్రమ్ము తిరిగే దిశలో ముందుండే షూని ఆ తిరుగుడే లోపలికి లాక్కుంటుంది, దానివల్లే డ్రమ్ము బ్రేకుకి తక్కువ తొక్కుడుతో ఎక్కువ బలం వస్తుంది. కొద్దిగా జిడ్డు పట్టిన లైనర్ ఒక్కోసారి ఆ లాగుడుతో ఉన్నట్టుండి పట్టేసి బండిని ఒక పక్కకి గుంజుతుంది. లోపలి దుమ్ముని గాలి గొట్టంతో ఊదే అలవాటు మాత్రం మానాలి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిపి తుడవడమే పద్ధతి.

వేడి గురించి ఒక మాట. 3,200 కిలోల బండి 60 కి.మీ. వేగం నుంచి ఆగితే దాదాపు నాలుగున్నర లక్షల జౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది, లీటరుంపావు చన్నీళ్ళని మరుగుకి తెచ్చేంత వేడి. వేడికి డిస్కు ప్యాడ్ల వైపు ఉబ్బుతుంది, డ్రమ్ము మాత్రం షూలకి దూరంగా ఉబ్బుతుంది. అందుకే వరసగా బ్రేకులు పడితే పెడల్ కిందికి దిగుతుంది. పలుమార్లు లేతు పట్టించిన డ్రమ్ము పల్చబడి ఇంకా త్వరగా వేడెక్కుతుంది. డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం దాటాక దాన్ని తుక్కులో వేయాల్సిందే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కొత్తలో మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తేమ చేరాక ప్రమాణం ప్రకారం 140 డిగ్రీలకే దిగొచ్చు. మరిగితే లైన్లో ఆవిరి, పెడల్ కింద ఏమీ ఉండదు.

లోడ్ వాల్వు విషయంలో షెడ్డుల్లో వినిపించే ఒక ఉపాయం ఉంది. దాన్ని పీకేసి పైపులు నేరుగా కలిపేస్తే వెనక బ్రేకు బ్రహ్మాండంగా పడుతుందని. పడుతుంది, లోడు ఉన్నంతసేపు. మా బండి ఎప్పుడూ లోడుతోనే తిరుగుతుంది అని ఓనరు అనొచ్చు గానీ మిర్యాలగూడలో వడ్లు దించిన బండి ఇంటికి లోడుతో రాదు. ఆ తిరుగు ప్రయాణంలో, ముసురు పట్టిన రోజున, గేదె అడ్డం వచ్చినప్పుడు వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరిగేది ఈ ఉపాయం వల్లే. వాల్వు తీసేయడం ఒక తప్పు సమాచారం స్థానంలో ఇంకో తప్పు సమాచారం పెట్టడమే.

ఇక అదనపు పట్టీలు వేయకపోతే బతుకెలా అన్న ప్రశ్న ఉంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. కిరాయి బస్తా లెక్కన వస్తుంది, డీజిల్ ఖర్చు ట్రిప్పు లెక్కన పోతుంది. కానీ పట్టీలు బండిని కూలబడకుండా ఆపాయే తప్ప దాని డ్రమ్ముల్ని, ఇరుసుని, టైర్లని పెద్దవి చేయలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకి జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకీ 2,000. ఒక్కసారి పట్టుబడితే ఎన్ని ట్రిప్పుల మిగులు పోతుందో ఓనరుకే బాగా తెలుసు. ఫిట్‌నెస్ పరీక్షలో ఎప్పుడూ ఫెయిల్ కాలేదు కదా అనే ధీమా కూడా పనికిరాదు. ఆ పరీక్షకి బండిని ఖాళీగా తీసుకెళ్తారు. లోడుతో మాత్రమే బయటపడే తప్పు ఖాళీ బండిలో ఎలా కనపడుతుంది? కొత్త బండ్లలో ఏబీఎస్‌తో పాటు వచ్చే ఎలక్ట్రానిక్ పంపిణీ ఏర్పాటు ఛాసిస్ ఎత్తుని చూడదు, చక్రాలు జారడం మొదలుపెట్టాయా అని సెన్సర్లతో చూస్తుంది. కాబట్టి పట్టీలు దాన్ని మోసం చేయలేవు. పాత బండ్లకి ఆ రక్షణ లేదు, అవి ఇంకా చాలా ఏళ్ళు ఈ రోడ్ల మీదే తిరుగుతాయి.

పట్టీలు ఇప్పటికే వేసేసిన బండికి చేయాల్సింది, వాటిని తీసి కంపెనీ ఇచ్చిన సంఖ్యకి తేవడం. అలసిపోయి వంగిన పట్టీలుంటే అదే రకం కొత్తవి వేయాలి. ఆ తర్వాత బండి నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి ఉండగా, జాకీ మీద కాకుండా, వాల్వు కడ్డీ పొడవుని ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్లో ఉన్న కొలతకి సెట్ చేయాలి. జాకీ మీద సెట్ చేస్తే ఇరుసు కిందికి వేలాడి దూరం ఎక్కువగా కనపడుతుంది, కొలత మొత్తం తప్పుతుంది. వీలైతే ముందు ఒకటి, వెనక ఒకటి బ్లీడింగ్ నిపుల్‌కి ప్రెషర్ గేజీలు తగిలించి, పెడల్ తొక్కుతూ రెండు అంకెలూ చదవాలి, ఒకసారి ఖాళీగా, ఒకసారి లోడుతో. లోడుతో వెనక అంకె పెరగకపోతే వాల్వు లోపల బిగుసుకుపోయింది, అప్పుడు దాన్ని మార్చాలి. గేజీలు తీశాక ముందు, వెనక ఎయిర్ తీసి, రోడ్డెక్కే ముందు షెడ్డు ఆవరణలోనే నడక వేగంతో పెడల్ పరీక్షించాలి.